బొట్టు పెట్టిన గ్రైండరు

అమ్మాజీ కొత్త గ్రైండరును వాపసు ఇవ్వడానికి మేడ్చల్ వచ్చింది గానీ, షోరూమ్ గాజు తలుపు తీయకముందే ఆమె పని చెడిపోయి ఉంది. ఎందుకంటే గ్రైండరుకు బొట్టు ఉంది.

ఇంటికి కొత్త వస్తువు వస్తే పసుపు రాసి, దాని మీద వరసగా మూడు కుంకుమ బొట్లు పెట్టందే అమ్మాజీ స్విచ్చి వేయదు. టీవీకి పెట్టింది, ఫ్రిజ్జుకు పెట్టింది, ఇస్త్రీ పెట్టెకూ పెట్టింది. భర్త గోపాలరావు కొత్త చెప్పులు కొంటే ఆమె కంటబడకుండా దాచుకునేవాడు. అలాగే ఈ గ్రైండరుకూ పెట్టింది. ఒక్క వాయి మినపప్పు నలిగిందో లేదో, రెండో వాయికి డ్రమ్ము మూలిగి ఆగిపోయింది.

కౌంటర్లో ఉన్నాయన పేరు మధుసూదన్ అని చొక్కా మీద బిళ్ళ చెబుతోంది. ఆయన గ్రైండరును చుట్టూ తిప్పి చూశాడు. ప్లగ్గు మాత్రం పెట్టలేదు.

“ఇది వాడిన వస్తువు మేడం. వాపస్ తీసుకోం.”

“వాడితేనే కదండీ ఆగిపోయిందని తెలిసేది.”

“మరకలున్నయ్ మేడం. మరకలున్నదాన్ని కంపెనీ తీసుకోదు.”

“అది మరక కాదండీ, బొట్టు.”

“సిస్టమ్‌ల రెండూ ఒకటే మేడం.”

ఆ తర్వాత అట్టపెట్టె అడిగాడు, చూపించింది. అందులోని థర్మోకోల్ అడిగాడు. దాన్ని పక్కింటివాళ్ళు వినాయకుడి మండపానికి పట్టుకుపోయారు. అది లేకపోతే పెట్టె ఉన్నా లేనట్టేనట. చివరికి ఒక ఫోన్ నంబరు రాసిచ్చి, పెద్ద ఉపకారం చేసినట్టు మొహం పెట్టాడు. అక్కడే సోఫాలో కూర్చుని అమ్మాజీ ఆ నంబరుకు ఫోన్ చేసింది. తన ఫోను వాళ్ళకెంతో విలువైనదని ఒక ఆడగొంతు నాలుగుసార్లు చెప్పింది. ఆ తర్వాత సన్నాయి వాయించారు. సన్నాయి అయ్యాక లైను తెగిపోయింది.

అమ్మాజీకి ఒళ్ళు మండింది. వస్తువు చెడిపోవడం లోకంలో కొత్తేమీ కాదు. ఇంత పెద్ద షోరూములో, ఇన్ని దీపాల వెలుగులో, ఒక్కడంటే ఒక్కడు దానికి ప్లగ్గు పెట్టి చూడలేదే అన్నదే ఆమె బాధ. గ్రైండరును ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి ఆమెకు ఇస్తారి గుర్తొచ్చాడు. గుర్తు రావడమే తడవు, సిగ్గుతో తల వంగిపోయింది.

తొంభై మూడులో గోపాలరావుకు మేడ్చల్ మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి, తణుకు నుంచి రెండు ట్రంకు పెట్టెలతో దిగినప్పుడు, ఈ ఊళ్ళో వాళ్ళకు తెలిసిన మొదటి మనిషి ఇస్తారి. పాతబజారులో ఆయన సామాన్ల దుకాణం. ముందు గిన్నెలు, స్టవ్వులు, మిక్సీలు. వెనక గదిలో ఆయన భార్య రుక్కమ్మ వంట. వస్తువు వాపసు తెచ్చినవాళ్ళతో ఇస్తారి వాదించేవాడు కాదు, రసీదు అడిగేవాడు కాదు. “ఇడ్సిపెట్టి పో అక్క, రేపు రా” అనేవాడు. ఆ రోజంతా రుక్కమ్మ ఆ వస్తువులోనే వండేది. మర్నాడు వచ్చినవాళ్ళు ఆ వంట తిని తీర్పు వినాలి. అదీ ఆ దుకాణం పద్ధతి.

అమ్మాజీ మొదటిసారి తీసుకెళ్ళింది కుక్కరు. కూత వేయడం లేదని ఫిర్యాదు. మర్నాడు వెళ్తే రుక్కమ్మ విస్తరి వేసి, అందులోనే ఉడికిన పప్పు వడ్డించింది.

“గిది మంచిగనే ఉన్నది అక్క. మూత సక్కగ పెడ్తలేవు నువ్వు,” అన్నాడు ఇస్తారి. అయినా కొత్త కుక్కరు తీసి చేతికిచ్చాడు.

“తప్పు నాదైతే మార్చడం ఎందుకండీ?”

“నీ మనసుల అనుమానం పడ్డది. ఇగ అండ్ల ఏం వండినా నీకు ఉడికినట్లనిపియ్యది. నా కుక్కర్ నాకుండని, తీస్కపో.”

ఇచ్చేముందు కుక్కరుకు పసుపు రాసి, మూడు బొట్లు వరసగా పెట్టాడు. ఆ దుకాణం నుంచి ఏ వస్తువు బయటికెళ్ళినా అలా పెట్టే పంపేవాడు. అమ్మాజీకి ఆ అలవాటు అంటుకున్నది అక్కడే. కన్నవారి ఊరు మరిచిపోయేంతగా ఆ వెనక గది ఆమెకు పుట్టిల్లయింది. తిన్న పప్పు ఎంతో, చెప్పుకున్న ముచ్చట్లు ఎన్నో. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఇంగువ వాసన వస్తుంది.

తర్వాత బహదూర్‌పల్లిలో సొంత ఇల్లు కట్టుకున్నారు. హైవే మీద షోరూమ్ వచ్చింది. కాలనీ ఆడవాళ్ళంతా అక్కడికే వెళ్తుంటే తనూ వెళ్ళింది. ముందు ఫ్రిజ్జు, తర్వాత ఫ్యాన్లు. ఆటో ఇస్తారి దుకాణం ముందు నుంచే పోతుంది కాబట్టి అక్కడికి రాగానే అవతలివైపు ఏదో చూస్తున్నట్టు తల తిప్పుకునేది. మొన్న గ్రైండరు కొన్నప్పుడు అట్టపెట్టెను ఒళ్ళో నిలబెట్టి దాని వెనక మొహం దాచుకుంది. పెట్టె మీద షోరూమ్ పేరు జానెడు అక్షరాలతో ఉందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళడం? పొమ్మంటే ఇంటికి పోవచ్చు, గ్రైండరు అటక మీద పెట్టొచ్చు. కానీ ఆ దుకాణం గడప తనకిక లేదని తేలిపోతే అది తట్టుకోగలనా అని ఆమె రోడ్డు మీద పావుగంట నిలబడింది. చేతులు నొప్పెట్టాయి. చివరికి ఆటో ఎక్కి పాతబజారు అంది.

ఇస్తారి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. ఆమెను చూసి లేచి, ఒక్క మాటా అడగకుండా గ్రైండరు అందుకుని, ప్లగ్గు పెట్టాడు. చెవి ఆనించి విన్నాడు.

“బెల్ట్ జారుతాంది అక్క. మార్చి పెడ్త. ఇడ్సిపెట్టి పో, రేపు రా.”

“ఇస్తారి గారూ, ఇది మీ దగ్గర కొన్నది కాదండీ.”

“కాదా?” అంటూ ఆయన గ్రైండరును తిప్పి, ఆ మూడు బొట్లు చూపించాడు. “బొట్టున్నది గద. మనదే అనుకున్న.”

ఆయన ఎగతాళి చేస్తున్నాడేమోనని అమ్మాజీ మొహంలోకి చూసింది. లేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని తను పోతుంటే ఆయన చూసే ఉంటాడు. చూసి కూడా ఆ మాట అన్నాడు. అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లోపలి నుంచి రుక్కమ్మ వచ్చి, “గ్రైండర్ కోసం ఏడుస్తరా వదినె, లోపలికి రా” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి వెనక గదిలో గారెలు వేగుతున్నాయి. పిండి ఆ గ్రైండరులో రుబ్బిందే. అమ్మాజీ నాలుగు తిని, ఐదోది చేతిలో పట్టుకుని అప్పుడు చూసింది, ముందు గదిలో అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. నిన్న తన బాధలో తనకు కనబడలేదు.

“దుకాణం వచ్చే నెల పైలతారీకు నుంచి సెల్‌ఫోన్లోళ్ళకు ఇచ్చిన అక్క,” అన్నాడు ఇస్తారి. “బేరం లేదు. అందరు హైవే మీదికే పోతుండ్రు.”

ఆ అందరిలో తనూ ఉంది. చేతిలోని గారెను విస్తట్లో పెట్టేసింది.

“నావల్లే కదండీ,” అంది.

“నీ ఒక్కదానివల్ల దుకాణం బందైతదా? నువ్వు గంత పెద్ద గిరాకివి ఎప్పుడైనవ్?” అని నవ్వాడు. అమ్మాజీ నవ్వలేదు.

“మరి ఎవరైనా ఏదైనా వాపసు తెస్తే?”

“ఇల్లు లాల్‌గడి మలక్‌పేటల ఉన్నది. పొయ్యి ఉన్నది, రుక్కమ్మ ఉన్నది. తెస్తే వండి చూస్తం.”

ఆటో వచ్చింది. ఇస్తారి గ్రైండరును తడిబట్టతో శుభ్రంగా తుడిచాడు. పసుపు పోయింది, కుంకుమ పోయింది. అరలో మిగిలిన ఒకే ఒక్క పసుపు కుంకుమల డబ్బాలోంచి పసుపు తీసి మళ్ళీ రాశాడు. కుంకుమలో వేలు ముంచబోయి ఆగి, డబ్బా అమ్మాజీకి అందించాడు.

“ఈసారి నువ్వు పెట్టక్క. నా దుకాణంల ఇదే ఆఖరు సామాను.”

ఆమె మూడు బొట్లు పెట్టింది. మూడోది కొంచెం పక్కకు జరిగింది. దాన్ని ఆయన సరిదిద్దలేదు, ఆమె కూడా సరిదిద్దలేదు.