మిక్సీ వద్దన్న సంచి

ఆదివారం పొద్దున్నే చీటీ రాసుకుని, అందులో లేనిది కొననని తనకు తానే ఒట్టు పెట్టుకుని బజారుకు బయల్దేరడం లెక్కలక్కకు అలవాటు. ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆమెది. క్రెడిట్ కార్డు ఉంది గానీ ఇంటి సరుకులకే గీసేది, జీతం రాగానే బిల్లు పైసాతో సహా కట్టేసేది. "ఉన్న డబ్బు ఖర్చుపెట్టడానికే కార్డు, లేని డబ్బుకి కాదు" అనేది. ఆ పొదుపులో సగం ఆమెదైతే, సగం అత్తగారు పోతూ పోతూ ఇచ్చిన గుడ్డ సంచిది. అవసరమైనది వేస్తే దూదిలా తేలిపోయేది. అక్కర్లేనిది వేస్తే బండరాయై చెయ్యి లాగేసేది. సూపర్‌మార్కెట్లో అందరికీ తెలుసు. "వద్దంటోందా అక్కా?" అని బిల్లు వేసే అమ్మాయి ఆ వస్తువు తీసి పక్కన పెట్టేసేది.

మూడేళ్ళు కూడబెట్టిన కార్డు పాయింట్లను ఆ వారం, ఆ భవనంలోని ఏ దుకాణంలోనైనా చెల్లే వోచరుగా మార్చుకుంది. ఇంట్లో మిక్సీ కాలిపోయి పది రోజులైంది. కొత్తది సంచిలో పెట్టిందో లేదో, భుజం ఊడొచ్చినంత పనైంది.

"ఇదేం చోద్యమే! మిక్సీ అవసరం కాకపోతే ఇంకేది అవసరం?"

కుక్కర్ పెట్టి చూసింది. బరువే. దుప్పట్లు పెట్టింది. అవీ బరువే. అక్కకు ఏమీ పాలుపోలేదు. ఇంతలో ఖాళీ సంచి గాలి నింపుకుని, ఆమెను మెట్లెక్కించి, పై అంతస్తులో కళ్ళజోళ్ళ దుకాణం ముందు నిలబెట్టింది. సరే, తనకేమోనని పరీక్ష చేయించుకుంది.

"మీ చూపు భేషుగ్గా ఉందండీ" అన్నాడు అద్దాలాయన.

మరింత అయోమయం. ఇంట్లో ఉన్నది ఇంకొక్క మనిషే కదా అని భర్తకు ఫోన్ చేసింది.

ఆయన దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. ఏడాదిగా అక్షరాలు వంకర పోతున్నాయి. చెయ్యి పట్టు తప్పిందనుకుని, ఒకటో తారీఖు నుంచి ఒక గోడౌన్లో వాచ్‌మన్‌గా చేరడానికి ఒప్పేసుకున్నాడు.

"చెడింది నా చెయ్యి. కళ్ళకేమొచ్చింది?" అని గొణుగుతూనే వచ్చాడు.

"ఏమో, నాకూ తెలీదు. ముందు కూర్చోండి."

చదవమని చేతికిచ్చిన అక్షరాల అట్ట మీద మూడో వరుస దగ్గరే ఆగిపోయాడు. ఇరవై ఏళ్ళు అక్షరాలే అన్నం పెట్టిన మనిషి!

వోచరు మొత్తం అద్దాలకే పోయింది. గంటలో జోడు చేతికొచ్చింది. అది పెట్టుకుని, బిల్లు వెనక పెన్నుతో ఒక 'క్ష' రాశాడు. కొంచెం ఆగి ఇంకోటి రాశాడు. రెండూ నిటారుగా నిలబడ్డాయి. వెంటనే ఫోన్ తీసి గోడౌన్ మేనేజరుతో, "ఇంకెవరినైనా చూసుకోండి సార్" అన్నాడు.

అప్పుడు భార్య వైపు తిరిగి ఆశ్చర్యపోయాడు.

"నీకా తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయి?"

"ఏడాదవుతోంది."

"మరి చెప్పలేదే?"

"కనిపిస్తూనే ఉన్నాయనుకున్నాను."