సరిపోయిన లెక్క

లాంచీ ఎక్కేవాళ్లెవరికీ ఆమె ముఖం గుర్తుండదు. గుర్తుంటే గింటే ఆమె బొటనవేలు గుర్తుండాలి. రేవుకీ లాంచీకీ మధ్య వేసిన చెక్కబల్ల పక్కన నిలబడి, గుప్పిట్లో ఇమిడే చిన్న స్టీలు యంత్రం మీట నొక్కుతూ ఉంటుంది. మనిషికి ఒక నొక్కు, నొక్కుకి ఒక అంకె. ఎక్కినవాళ్లు ఎంతమంది, దిగినవాళ్లు ఎంతమంది, రెండూ పుస్తకంలో రాసి కింద లాంచీ నడిపే సరంగు చేత సంతకం పెట్టించాలి. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, ఫిడేలు వాయించే ఆయన వెనక బల్ల మీదుగా వస్తారు, వెనక బల్ల మీదుగానే పోతారు. వాళ్లు లెక్కలోకి రారు. తొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం ఇదే. రేవులో అందరూ ఆమెని లెక్కలక్క అంటారు. బళ్లో లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పిన మనిషికి ఈ పేరేమిటని ఆమే నవ్వుకునేది, నవ్వు వచ్చిన రోజుల్లో.

ఆ నవ్వు పోయి రెండు నెలలైంది. అప్పుడొక సాయంత్రం, దిగినవాళ్లు ఒకరు తక్కువొచ్చారు. ఆమె రేవులో సైరన్ మోగించింది, గస్తీ పడవలు వచ్చాయి, తెల్లవార్లూ నదిని జల్లెడ పట్టారు. తీరా చూస్తే ఎవరో కుర్రాడు, ఆఖరి బస్సు పోతుందని, బల్ల వెయ్యకముందే రేవు మీదికి ఒక్క గెంతు గెంతి, ఇంటికెళ్లి ముసుగుతన్ని పడుకున్నాడు. గెంతింది వాడు, శిక్ష పడింది సరంగుకి. బల్ల పడకుండా మనిషిని దిగనిచ్చినందుకు నెల రోజులు పని లేదు. ఇంకోసారి సైరన్ ఊరికే మోగితే లైసెన్సు ఉండదని చేతికి కాగితం ఇచ్చారు. ఆ సరంగు లెక్కలక్క సొంత తమ్ముడు. ఆమె ఉండేది కూడా తమ్ముడింట్లోనే. మరదలు ఆ రోజు నుంచి ఆమె కంచంలో వడ్డించేసి పక్కగదిలోకి వెళ్లిపోతుంది. తిట్టినా బాగుండును. తిట్టదు.

అందుకని ఈ సాయంత్రం కూడా లెక్కలక్క కళ్లలో వత్తులు వేసుకుని నిలబడింది. అందరికంటే పెద్ద గుంపు ఒక కుటుంబం. ఇంటిపెద్దకి పెళ్లయి ముప్ఫై ఏళ్లట, బూడిదరంగు కోటు వేసుకుని పెళ్లికొడుకులాగే నడిచొచ్చాడు.

"మేం ఇరవై ఒక్కరం," అన్నాడు.

"ఇరవై రెండండీ," అంది లెక్కలక్క, యంత్రం చూసుకుని.

"నన్ను కలుపుకునే చెప్పానమ్మా."

"నేనూ మిమ్మల్ని కలుపుకునే నొక్కానండీ."

ఆయన వేలు చాపి తనవాళ్లని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆఖర్న ఒకావిడ బల్ల దాటుతోంది. చేతి మీద నాలుగు పిల్లల స్వెట్టర్లు, భుజానికి రెండు సంచులు, చంకలో పాలసీసా, మెడలో కెమెరా. ఇంత సామాను వెనక మనిషి కనబడకపోవడంలో వింతేమీ లేదు.

"ఓ, మా చెల్లెలు," అన్నాడు కోటాయన. "సరే, ఇరవై రెండు వేసుకోండి."

"సారీ అండీ," అందావిడ లెక్కలక్కతో. "నా వల్ల మీ లెక్క తేడా వచ్చింది."

"నా లెక్క సరిగ్గానే ఉందమ్మా," అంది లెక్కలక్క. ఆవిడ చిన్నగా నవ్వింది. ఇంతలో లోపల్నుంచి ఎవరో పిల్ల, "చిన్నత్తా, ఇది పట్టుకో," అని కేకేసింది. ఆవిడ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మొత్తం ఎక్కినవాళ్లు తొంభై ఆరుగురు.

లాంచీ ఎప్పటిలాగే మూడో వంతెన దాకా వెళ్లింది. సూప్ వచ్చింది, చేప వచ్చింది, ఫిడేలాయన భోజనాల బల్లల మధ్య తిరుగుతూ వాయించాడు. పెద్ద గుంపు బల్ల చుట్టూ ఇరవై ఒక్క కుర్చీలే ఉన్నాయి. ముందుగా చెప్పిన సంఖ్య అదే మరి. చిన్నత్తకి కుర్చీ అక్కర్లేకపోయింది కూడా, కూర్చుంటే కదా. కేకు కోస్తుంటే ఫొటో తీసింది, తినిపిస్తుంటే ఫొటో తీసింది, పసివాణ్ణి ఎత్తుకుని వెళ్లి కడిగి తెచ్చింది. ఇంకో కుర్చీ వేయించాలని లెక్కలక్క అనుకుంది. ఈలోగా పైఅంతస్తులో ఎవరో గ్లాసు పగలగొడితే అటు పరిగెత్తింది, ఆ కుర్చీ సంగతి మర్చిపోయింది.

మూడో వంతెన దగ్గర తిరిగేటప్పుడు సరంగు ఇంజను ఆపి దీపాలన్నీ ఆర్పేస్తాడు. నీళ్లలో ఊరి దీపాలు కనపడాలని రెండు నిమిషాల ఆనవాయితీ. అందరూ "ఆహా" అన్నారు. దీపాలు వెలిగాయి. లాంచీ వెనక్కి తిరిగింది.

రేవులో బల్ల వేశారు. జనం దిగుతుంటే లెక్కలక్క ఊపిరి బిగబట్టి నొక్కింది. నిద్రపోతున్న పిల్లలు భుజాల మీద దిగారు, ముసలాళ్లు చేతులు పట్టుకుని దిగారు. చివరికి యంత్రం చూసుకుంటే తొంభై ఆరు. గుండెల మీంచి బరువు దిగింది. తమ్ముడు పుస్తకంలో సంతకం పెట్టి, "హమ్మయ్య. ఇవాళ నాలుగు మెతుకులు ఎక్కువ తినొచ్చు," అన్నాడు. రెండు నెలల్లో వాడు ఆమెతో ఆడిన మొదటి హాస్యం అది. లెక్కలక్కకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడొచ్చాడు వంటాయన, చేతిలో టిఫిన్ డబ్బాతో.

"ఫిడేలాయన కనబడ్డాడా? రోజూ వెనక బల్ల దగ్గర డబ్బా అందుకుని పోతాడు. ఇవాళ అటు రానేలేదు."

"మోకాలు నొప్పన్నాడు. ఈ వైపు నుంచి వెళ్లాడు కదా," అంది లెక్కలక్క.

అన్నాక ఆ మాట ఆమెకే వినబడింది.

ఆయన ఈ వైపు నుంచి దిగాడు. గుంపు మధ్యలో, ఫిడేలు పెట్టె ఎత్తి పట్టుకుని, "వెళ్లొస్తానమ్మా," అన్నాడు. "జాగ్రత్త బాబాయ్," అందామె. అప్పుడు వేలు నొక్కిందా? తొమ్మిదేళ్లుగా ఆ బల్ల మీద ఏ కాలు పడినా నొక్కిన వేలు అది. ఆమెని అడిగి నొక్కదు. నొక్కి ఉంటే తొంభై ఆరులో ఒకడు ఫిడేలాయన. దిగాల్సినవాళ్లలో ఒకరు దిగలేదు.

మేనేజరు తన గదిలో పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. అంతా విని, "తప్పిన లెక్క గురించి గోల చేసినవాళ్లని చూశాను గానీ, సరిపోయిన లెక్క గురించి గోల చేసేదాన్ని నిన్నే చూస్తున్నా," అన్నాడు.

"సరిపోయింది కాబట్టే భయమేస్తోందండీ."

"నువ్వు నొక్కావా, లేదా? అది చెప్పు."

"తెలీదు."

పాపం, మేనేజరు చెడ్డవాడు కాదు. ఫోన్ నంబర్లు ఇచ్చిన నాలుగు గుంపులకీ ఫోన్ చేశాడు. అందరూ ఉన్నామన్నారు. కోటాయనైతే కాస్త నొచ్చుకున్నాడు. "రెండు వ్యాన్లలో హాయిగా వెళ్తున్నాం. మావాళ్లని మేం చూసుకోలేమా?" అని పెట్టేశాడు.

"విన్నావుగా. ఇంటికెళ్లి పడుకో," అన్నాడు మేనేజరు.

ఆమె ఇంటికి వెళ్లలేదు. వంటాయనని వెంటబెట్టుకుని లాంచీ అంతా గాలించింది. రెండంతస్తులు, మరుగుదొడ్లు, లైఫ్ జాకెట్ల పెట్టె, ఎక్కడా పురుగు కూడా లేదు. వెనకవైపు కిటికీ గట్టు మీద మాత్రం ఒక ప్లేటు కనబడింది. దాంట్లో ముట్టుకోని కేకు ముక్క, మీద నీటుగా మడిచి కప్పిన కాగితపు రుమాలు. కుర్చీ లేనివాళ్లే గట్టు మీద ప్లేటు పెట్టుకుంటారు. కుర్చీ లేనిది ఒక్కరికే.

అయినా అది రుజువు కాదు. కేకు వద్దనుకుని దిగిపోయినవాళ్లు లోకంలో ఎంతమంది లేరు.

తమ్ముడు రేవు మీద తాళ్లు చుడుతున్నాడు. ఆమె ముఖం చూడగానే తాడు వదిలేశాడు.

"మళ్లీనా అక్కా?"

ఆమె చెప్పింది. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నీకు ఖచ్చితంగా తెలుసా?"

"తెలీదురా. తెలిస్తే నిన్ను అడగను."

"తెలీకుండా నా లైసెన్సు మీదికి తెస్తావా? ఆ ఫోన్లో అందరూ ఉన్నామన్నారు కదా. వాళ్లకి లేని బాధ నీకేంటి? ఇంటికెళ్లి నీ మరదలికి నేనేం చెప్పను?"

వాడన్న ప్రతి మాటా నిజమే. నోరు మూసుకుంటే చాలు, పుస్తకంలో రెండు తొంభై ఆర్లు ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా ఉన్నాయి, రేపు ఎవరూ ఆమెని ఏమీ అడగరు. సైరన్ నొక్కితే, అది ఊరికే మోగినట్టు తేలితే, వాడి పిల్లల నోటి దగ్గర కూడు ఆమె లాగేసినట్టే. ఆమెకి వాడంటే ప్రాణం. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది వాణ్ణే. కానీ నీళ్లలో ఒక మనిషి ఉంటే, ఆ మనిషి ఉందని తెలిసిన బొటనవేలు ఈ భూమ్మీద ఇదొక్కటే.

"నన్ను క్షమించరా," అంది. రేవు స్తంభం మీది ఎర్ర పెట్టె తెరిచి, మీట కిందికి లాగింది.

సైరన్ నది మీద ఆ ఒడ్డు దాకా పోయి తిరిగొచ్చింది. తమ్ముడు ఆమె వైపు చూడలేదు. లాంచీ ఎక్కి, పెద్ద దీపం వెలిగించి, నీళ్ల మీదికి తిప్పాడు. కోపంగా ఉన్నా వాడి చెయ్యి మాత్రం నిదానంగా, గజం గజం వెతుకుతోంది. నల్లటి నీళ్లు, తేలుతున్న సీసా ఒకటి, ఏదో కొమ్మ. గస్తీ పడవ దీపం దూరంగా మలుపు దగ్గర కనబడింది. వాడు దీపాన్ని ఎదురు ఒడ్డు దాకా తీసుకెళ్లి, వెనక్కి తెచ్చి, చివరికి తన లాంచీ వెనక్కే దించాడు. అక్కడ, రేవు గోడ నీడలో, లాంచీకి తాడుతో కట్టిన చిన్న తెడ్ల పడవ ఉంటుంది. అవసరానికని ఉంచుతారు గానీ దాని వైపు ఎవరూ చూడరు.

దాంట్లో ఒకావిడ నిలబడి ఉంది. మెడలో కెమెరా.

"అక్కా," అన్నాడు తమ్ముడు.

లెక్కలక్క ఇనుప నిచ్చెన మీద దిగింది. పడవలోకి దిగాక ముందు తాడు కనబడింది, తరవాత ఆవిడ చేతులు. తాడు ముడి తడిసి రాయిలా బిగుసుకుపోయింది. ఆవిడ గోళ్లు విరిగి, వేళ్ల చివర్ల నుంచి నెత్తురు కారుతోంది. వంతెన దగ్గర దీపాలు ఆరినప్పుడు దిగి ఉంటుంది. అప్పట్నుంచీ ఆ ముడి విప్పుతూనే ఉంది. విప్పి ఎక్కడికి పోదామనుకుందో లెక్కలక్క అడగలేదు. తెడ్లు రెండూ పైన లాంచీలోనే ఉన్నాయి.

ఆవిడ మాత్రం ముడి వైపు చూడటం లేదు. నది వైపు చూస్తోంది, మునివేళ్ల మీద నిలబడి.

"ఎవరు పడ్డారండీ?" అని అడిగింది.

"ఏంటమ్మా?"

"సైరన్ మోగింది కదా. ఎవరో నీళ్లలో పడ్డారు. ఇటు కొట్టుకొస్తారేమో, చెయ్యి అందిద్దామని చూస్తున్నా. దొరికారా?"

లెక్కలక్క ఆవిడ రెండు చేతులూ నెత్తురుతో సహా తన చేతుల్లోకి తీసుకుంది.

"దొరికారమ్మా," అంది. "ఇప్పుడే దొరికారు."

అర్థం కావడానికి ఆవిడకి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు. పడవ అడుగున కూర్చుండిపోయి, "మీ ముడి చాలా గట్టిదండీ," అంది.

"మా తమ్ముడు వేసింది. విప్పడం వాడికే ఒక్కోరోజు చేతకాదు."

నిచ్చెన పైనుంచి తమ్ముడు చెయ్యి చాపాడు. ఇద్దరూ కలిసి ఆవిడని పైకి తెచ్చి, వంటాయన తెచ్చిన దుప్పటి కప్పి, రేవు బెంచీ మీద కూర్చోబెట్టారు. గస్తీవాళ్లు వచ్చి పుస్తకం అడిగితే, "సంతకం నేను పెడతాలే అక్కా," అని తమ్ముడే అందుకున్నాడు. లెక్కలక్క దిగినవాళ్ల అంకె కొట్టేసి తొంభై అయిదు అని రాసింది. రాసి, దాని పక్కన ఒకటి కలిపింది.

అప్పుడు, సైరన్ విని రేవు మీదికొచ్చిన మేనేజరు ఫోన్ మోగింది. స్పీకరు నొక్కాడు. కోటాయన.

"ఏమండీ, మా కెమెరా మీ లాంచీలో ఉండిపోయిందేమో చూస్తారా? ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి."

లెక్కలక్క ఫోన్ లాక్కుంది. ఆమెకి ఒళ్లు మండిపోతోంది. ఆ మంటంతా గొంతులోకి రాకుండా ఆపుకుని, నెమ్మదిగా మాట్లాడింది.

"కెమెరా దొరికిందండీ. బళ్లు ఓ పక్కకి ఆపి, ఇంకేమైనా పోయిందేమో ఒకసారి లెక్కపెట్టుకోండి."

"ఇంకేం పోతుందమ్మా?"

"లెక్కపెట్టండి. నేను ఆగుతాను."

వ్యాన్ ఆగిన చప్పుడైంది. తలుపు జరిగింది. పిల్లలెవరో నిద్రలో మూలిగారు. ఆయన పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, ఒకటి, రెండు, మూడు. ముందు వ్యాన్ అయింది. కంకర మీద అడుగుల చప్పుడు, రెండో వ్యాన్ తలుపు. లెక్కలక్క వెళ్లి బెంచీ మీద, దుప్పట్లో ఉన్నావిడ పక్కన కూర్చుంది. ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టింది. పంతొమ్మిది. ఇరవై. నాతో ఇరవై ఒకటి.

ఆయన ఆగాడు.

బెంచీ మీదావిడ ఫోన్ వైపే చూస్తోంది. లెక్కలక్క ఆయనకి సాయం చెయ్యలేదు, పేరు అందివ్వలేదు.

కాసేపటికి ఆయన మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.