నీలిగీత కింది గొంతులు

పత్రంలో కనిపించేదంతా పత్రంలోనే ఉంటుందని చాలామంది నమ్మకం. నీలిరంగులో గీత గీసి ఉన్న మాటను నొక్కగానే ఒక ఫోటోనో ఒక గొంతో తెరుచుకుంటే, అది ఆ మాట వెనకే ఉందనుకుంటారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మృత్యుంజయ కూడా అలాగే నమ్మాడు. కలకత్తా న్యూ టౌన్ ఫ్లాట్‌లో భార్య జ్ఞానప్రసూన ఆనపకాయ చెక్కు తీస్తుండగా ఆ నమ్మకంతోనే ప్రకటించాడు.

"పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేశాను. పుస్తకమంతా వచ్చేసింది."

ఆమె ఇదివరకు చెప్పినదే మళ్ళీ చెప్పింది. లింకు వస్తువు కాదు, వస్తువు ఉన్న చోటికి చిరునామా మాత్రమే. గొంతులన్నీ తన లాప్‌టాప్‌లో వేరే ఫోల్డరులో ఉన్నాయి. వాటినీ ఎక్కించాలి, లేదా ఇవాళ ఆయన పుస్తకాన్ని తెరమీద చూపించబోయే సభకు లాప్‌టాప్‌నే తీసుకెళ్ళాలి. తనూ వస్తానంది.

"ఇందాకే నీ లాప్‌టాప్‌లో నొక్కి చూశాను, తెరుచుకుంది. బ్రాంచీలు నడిపినవాణ్ణి, నాకు నేర్పుతావేటి ప్రసూనా?"

ఆ లాప్‌టాప్‌లో తెరుచుకోక ఏమవుతుంది? ఫైళ్ళున్నది అందులోనే. ఆమె ఆ మాట అనలేదు. అంటే వచ్చే జవాబు ఆమెకు తెలుసు.

కలకత్తా తెలుగువాళ్ళ చరిత్ర రాస్తానని ఆయన పూనుకున్నప్పుడు, మగవాళ్ళు ఉద్యోగాల గురించి, సంఘాల గురించి ధారాళంగా చెప్పారు. ఆయన కలం తీసి కూర్చుంటే ఆడవాళ్ళు మాత్రం టీ పెట్టడానికి లేచి వెళ్ళిపోయేవారు. అందుకని ఆమె ఇంట్లో వంట ముగించి, బస్సులు మారి, టికియాపారా రైల్వే క్వార్టర్లకూ ఏక్‌బాల్‌పూర్ సందులకూ ఒక్కతే వెళ్ళింది. ఫోనులో గొంతులు పట్టింది, మళ్ళీ మళ్ళీ విని కాగితం మీద పెట్టింది. ఆయన వాటిని గంభీరమైన వాక్యాలుగా మార్చాడు. ఆ వాక్యాల్లో ఏ మాట కింద ఏ గొంతు వినిపించాలో చూసి లింకులు పెట్టింది మళ్ళీ ఆమే. మొదటి పేజీలో తన పేరు కూడా వెయ్యమని ఒక్కసారి అడిగింది. "లింకులు తగిలించడం రచనేటి? అది మొదటి పేజీ, పెళ్ళి శుభలేఖ కాదు, ఇద్దరి పేర్లూ వెయ్యడానికి" అని నవ్వాడు. కలకత్తా బదిలీ వచ్చినప్పుడు ఆమె లైబ్రరీ ఉద్యోగం మానేస్తుంటే అత్తగారూ ఇలాగే నవ్వింది. పుస్తకాలు సర్దడమే కదా, ఇంట్లో గిన్నెలు సర్దుకో అంది.

ఆయన క్యాబ్ ఎక్కి వెళ్ళాక ఆమె లాప్‌టాప్ తెరిచింది. "రైల్వే కుటుంబాలది క్రమశిక్షణ గల జీవితం" అని ఆయన రాసిన వాక్యం ముందు, "ఒక ఉద్యోగి భార్య" అన్న మాట కింద నీలిగీత ఉంది. నొక్కింది. టికియాపారా మేరీరాణి గొంతు వచ్చింది.

"ఆయన నైట్ డూటీ దిగొచ్చి తొంగుంటే, ఉన్న ఒక్క గదిలో పిల్లలు అల్లరి సేత్తారని, ఆళ్ళనట్టుకుని మెట్లమీద కూకునేదాన్నమ్మా. వానొచ్చినా అక్కడే. ఈ మాట ఆయన యెదట ఎప్పుడూ అన్లేదు."

ఇన్నాళ్ళూ ఆమె తన పేరు లేదన్న దాని గురించే బాధపడింది. మేరీరాణి పేరూ లేదన్నది అప్పుడు చూసింది. ఆ గీత పెట్టిన చెయ్యి తనదే.

ఫోను మోగింది. వెనక హాలు గోల, ఫైలు లేదంటూ తెర నడిపే బెంగాలీ కుర్రాడి గొంతు: "ఫైల్ నేఇ దాదా."

"ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఏటి చేసి పెట్టావు నువ్వు?" మృత్యుంజయ గొంతు తగ్గించి అడిగాడు. "ఆ ఫైళ్ళేవో వెంటనే పంపు."

"నేనే తీసుకొస్తానండీ. అవి ఎవరి గొంతులో, ఎవరు పట్టారో సభలో నేనే చెబుతాను."

"పెద్దలు కూర్చున్నారు, ఇక్కడ నువ్వేటి చెబుతావు? పంపు చాలు."

"అయితే మొదటి పేజీలో మా పేర్లు వెయ్యండి. పంపుతాను."

"మా అంటే?"

"మాట్లాడినవాళ్ళవీ, నాదీ."

ఆయన ఫోను పెట్టేశాడు. ఆమె మేరీరాణికి ఫోను చేసింది. గొంతుతో పాటు పేరూ వెయ్యవచ్చా, ఇంట్లో ఇబ్బంది అవుతుందా అని అడిగింది.

"ఏసీయండమ్మా. ఆయన వింటే ఇననీ. మెట్లమీద ఎందుక్కూకున్నావని ఇప్పుడైనా అడుగుతాడేమో."

సభ మధ్యాహ్నానికి ముగిసింది. హాల్లో నొక్కిన లింకుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. జ్ఞానప్రసూన లాప్‌టాప్‌లో ఆ పూట కొత్త పత్రం ఒకటి మొదలైంది. దాని మొదటి పేజీలో రెండు పేర్లున్నాయి: మేరీరాణి, జ్ఞానప్రసూన.