మూరెడు తీగ

ఎండుటాకుల మీద గాలి నడిచినట్టు ఒక చప్పుడు.

ఆ గదిలో ముందుగా వినబడేది అదే.

పాత కంప్యూటరు మేలుకునేటప్పుడు చేసే చప్పుడు. ముందు ఒక దగ్గు. తరువాత చిన్న గురక. ఆ తరువాత... ఎండుటాకులు.

చెవి మేస్త్రి వంగి, ఆ రేకు పెట్టెకు చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

ఊరంతా అతన్ని పిలిచేది ఆ పేరుతోనే. రేడియోలు బాగుచేశాడు. టీవీలు బాగుచేశాడు. ఆ తరువాత కంప్యూటర్లు. ఏది తెచ్చినా మూత విప్పకముందే చెవి పెట్టి వింటాడు. బడికి వెళ్ళింది మూడేళ్ళు. చదివింది తక్కువ. మాట్లాడేది ఇంకా తక్కువ. వినడం ఒక్కటే కడుపునిండా నేర్చుకున్నాడు.

"బతుకుతుందా బాబాయ్?" అంది ల్యాబు అమ్మాయి.

"దీనికేం రోగం లేదు," అన్నాడు. "బయటివాళ్ళు తాళాలు మార్చారు. అంతే."

చిన్న ఆసుపత్రి అది. దాని వెనక గది. గదిలో రక్తం పరీక్షించే యంత్రం — పంతొమ్మిదేళ్ళది.

ఆ యంత్రం ఈ కంప్యూటరుతో తప్ప మాట్లాడదు.

ఈ కంప్యూటరు తన పాత ఆపరేటింగ్ సిస్టంతో తప్ప నడవదు. కొత్తది ఎక్కిస్తే యంత్రానికి మాట పడిపోతుంది. యంత్రాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. అడగడానికి మనిషి లేడు.

ఫలితాలు పెద్దాసుపత్రి వెబ్‌సైటుకు వెళ్ళాలి. డాక్టర్లు చూసేది అక్కడే. ఆ వెబ్‌సైటు కొత్త తాళాలు వేసుకుంది. పాతదాని దగ్గర ఉన్నవి పాత తాళంచెవులు.

తెల్ల తెర.

రోజూ తెల్ల తెర.

ల్యాబు అమ్మాయి ఫలితాలన్నీ చేత్తో రాసి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతోంది. రెండు కాగితాలు దారిలో పోయాయి. వచ్చే నెలాఖరుకు తనిఖీకి పైవాళ్ళు వస్తారట. నెల రోజులు ఎక్కడా ఆగకుండా ఫలితాలు వెళ్ళినట్టు చూపిస్తే గది ఉంటుంది. లేదంటే గదికి తాళం.

తాళం పడితే రక్తం ఇవ్వాల్సినవాళ్ళు రెండు బస్సులు మారాలి. బయట బల్ల మీద కూర్చున్నారు వాళ్ళు — కాళ్ళ వాపులవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, గోడ పట్టుకుని తప్ప నడవలేని ఒక ముసలమ్మ. చేతులు మోచేతి దాకా మడుచుకుని, గుమ్మం వైపు చూస్తూ.

మేస్త్రి వాళ్ళను చూశాడు. తల ఊపాడు.

చేస్తాననలేదు. తల ఊపాడు, అంతే.

లోకంలో ఎక్కడెక్కడో అతనిలాంటివాళ్ళు ఉన్నారు.

ఒకరి ముఖం ఒకరికి తెలియదు. పారేయమని అందరూ చెప్పిన కంప్యూటర్లను పారేయనివాళ్ళు. పాతదాన్ని కొత్త వెబ్ ముందు నిలబెట్టే కిటుకులు ఒకచోట రాసి పెడతారు — ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు.

ఆ రాత పరాయి భాషలో ఉంది.

మేస్త్రి దుకాణంలో కూర్చుని దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాడు. అక్షరం పక్కన అక్షరం. చుక్క పక్కన చుక్క. బొమ్మను చూసి బొమ్మ గీసినట్టు. అర్థం తెలియదు. గీత తప్పకూడదని తెలుసు.

పద్నాలుగు పేజీలు. పదకొండు రోజులు.

పన్నెండో రోజున అరచేతిలో పట్టేంత పెట్టెతో వచ్చాడు. పాత కంప్యూటరులో గడియారాన్ని నడిపే, ఆరిపోయిన బ్యాటరీ బిళ్ళ మార్చి, తేదీ సరిచేశాడు. అప్పటిదాకా దాని లెక్క ప్రకారం లోకం ఇంకా ఇరవయ్యేళ్ళ వెనకే ఉంది.

ఆ తరువాత పెట్టెను మధ్యలో కూర్చోబెట్టాడు.

పెట్టె ఒకవైపు కొత్త తాళాలు తీస్తుంది. రెండోవైపు పాతదానితో దానికి వచ్చిన మాటల్లోనే మాట్లాడుతుంది. పెట్టెకూ పాతదానికీ మధ్య మూరెడు తీగ. ఆ మూరెడులో మాత్రం మాటలకు తాళం ఉండదు. కవరు లేని ఉత్తరంలా నడుస్తాయి.

అది విని ల్యాబు అమ్మాయి ముఖం ముడుచుకుంది. "జనం రోగాలు బాబాయ్ ఇవి. మధ్యలో ఎవరైనా వింటే?"

"మధ్యలో ఉండేది పెట్టె ఒక్కటే."

"మరి పెట్టె వింటుందా?"

"వింటుంది," అన్నాడు. "దాచుకోదు."

అతనంత మాటన్నాక ఇంకేం అడుగుతుంది?

తెర మీద పేజీ వచ్చింది. మెల్లగా... పై నుంచి కిందికి... గోడ మీద వాన నీళ్ళు పాకినట్టు.

ఆమె గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మా ఆయన కన్నా నయం. ఆలస్యంగానైనా జవాబిచ్చింది."

మేస్త్రి మీసం కొంచెం కదిలింది. అతను నవ్వడమంటే అంతే.

ఆమె మొదటి ఫలితం పంపింది. పంపుతూ చూపించింది — కొన్ని అంకెల పక్కన చుక్కలు పడతాయి. ఒకటైతే భయం లేదు. మూడు పడితే మాత్రం డాక్టరు వెంటనే చూడాలి. రోజులు ఆగే పని కాదు.

అతను తల ఊపాడు.

మూడు వారాలు.

మూడు వారాలు ఆకులు గలగలలాడాయి. మూడు వారాలు ఆ మూరెడు తీగలో మనుషుల రక్తం అంకెలై నడిచింది. బస్సు డ్రైవరు ఖాళీ చేతులతో వెళ్ళాడు. గోడ పట్టుకుని నడిచే ముసలమ్మ తన వంతు కోసం బల్ల మీద కూర్చుని కునుకు తీసింది.

అప్పుడు పెట్టె ఆగిపోయింది.

ఒక ఉదయం మేస్త్రి వెళ్ళి దాన్ని విప్పుకున్నాడు. ల్యాబు అమ్మాయి చిరాగ్గా ఉంది. ఒక్క పూటయితే ఎలాగో సర్దుతానంది. రక్తమిచ్చి వెళ్తారే కానీ కాగితానికి రారని, మూడు చుక్కలవాళ్ళే మొహం చాటేస్తారని విసుక్కుంది. ఒకాయనకైతే నాలుగుసార్లు ఫోన్ చేసిందట. ఎత్తడట.

అతను విన్నాడు. పెట్టెను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

దుకాణంలో దానికి చెవి పెట్టాడు. లోపల ఏమీ తిరగదు. వినడానికి ఏమీ లేదు.

తెరకు కలిపి చూశాడు.

పెట్టె నిండిపోయింది.

ఇంత చిన్న పనికి అంత నిండటమేమిటి? వెతికాడు. ఒకచోట కొండలా పేరుకున్న రాత. ఆ రాతకున్న పేరును తన నోటుబుక్కు పక్కన పెట్టి, అక్షరానికి అక్షరం సరిపోల్చుకుంటూ వెనక్కి వెళ్ళాడు. తొమ్మిదో పేజీ. చివరి వరుస. అక్కడుంది అదే పేరు. దాని పక్కన ఎవరో రాసిన చిన్న హెచ్చరిక — దాన్నీ బొమ్మలాగే గీసుకున్నాడు తను. ఇప్పుడు ఒక్కో మాటకు అర్థం వెతుక్కున్నాడు.

సరిచూసుకునే రోజున ఉంచి, తరువాత తీసేయాల్సిన వరుస అది.

తీసేయలేదు.

మూడు వారాలుగా ఆ తీగలో నడిచిన ప్రతి మాటనూ పెట్టె రాసి పెట్టుకుంది.

దాచుకోదు... అన్నాడు తను.

చెవుల్లో ఆ మాటే మోగింది.

తుడిచేయాలి. వెంటనే తుడిచేయాలి. వేలు చాచాడు. తెర కదిలి, ఒక కాగితం కళ్ళ ముందు నిలబడింది.

వేగంగా చదివేవాడైతే చూపు జారిపోయేది. అతని చూపు జారదు. ప్రతి అక్షరం గుమ్మం దగ్గరా ఆగి, తలుపు తట్టి మరీ వెళుతుంది.

తండ్రి పేరు — తన తండ్రి పేరు.

వయసు — తన కన్నా ఆరేళ్ళు తక్కువ.

ఇంటి పేరు తనదే.

అంకెలు అర్థం కాలేదు. అంకెల పక్కన...

ఒకటి. రెండు. మూడు.

తేదీ పన్నెండు రోజుల కిందటిది.

తమ్ముడు.

ఒకప్పుడు ఈ దుకాణం ఇద్దరిదీ. కొత్త ఫోన్లు అమ్ముకుందామని తమ్ముడు, బాగుచేసుకుందామని అన్న. ఏడాది పాటు నువ్వా నేనా అనుకున్నారు. ఒక ఉదయం అన్న వచ్చేసరికి అల్మారా ఖాళీ. ముప్పై ఏళ్ళుగా కూడబెట్టిన పాత సామాను, తీగలతో సహా, తూకానికి వెళ్ళిపోయింది.

నా గడప తొక్కకన్నాడు అన్న.

తమ్ముడు తొక్కలేదు. పదకొండేళ్ళు.

అన్న కూడా తొక్కలేదు. రెండు వీధుల అవతల అద్దాల దుకాణం. ఎదురుపడితే ఒకరు చెప్పు సరిచేసుకుంటారు, ఇంకొకరు ఆకాశం చూస్తారు.

ఫోన్ ఎత్తని మనిషి ఎవరో ఇప్పుడు తెలిసింది.

ఎండ బల్ల మీది నుంచి నేల మీదికి దిగింది. పెట్టెలోని రాతంతా తుడిచాడు. తొమ్మిదో పేజీ చివరి వరుస తీసేశాడు. పెట్టె మళ్ళీ ఖాళీ అయ్యింది. తేలిక అయ్యింది.

అతనిలో చేరింది మాత్రం పోలేదు.

తీసుకెళ్ళి పెట్టేస్తే చాలు. అడిగేవాళ్ళు లేరు. నోరు మూసుకుంటే గది నిలబడుతుంది. నోరు మూసుకోవడం అతనికి బాగా వచ్చిన పని.

మరి తమ్ముడు?

వాడి దగ్గరికి వెళితే, నీకెలా తెలుసంటాడు. చెబితే ఆ మాట నాలుగు నోళ్ళలో నలిగి ల్యాబు అమ్మాయి దగ్గరికి చేరుతుంది. చెప్పకపోతే... పన్నెండు రోజులు. పదమూడు. పద్నాలుగు.

అతను పెట్టె పట్టుకుని ముందు ఆసుపత్రికే నడిచాడు.

"దాచుకుంది," అన్నాడు.

ల్యాబు అమ్మాయికి అర్థం కాలేదు.

"పెట్టె. దాచుకోదన్నాను. దాచుకుంది. ఒక వరుస తీసేయాలి, తీయలేదు. అన్నీ రాసి పెట్టుకుంది. తుడిచేశాను." ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. "తుడిచే ముందు ఒకటి చదివాను."

ఆమె చేతిలోని గాజు గొట్టం మెల్లగా స్టాండులోకి దిగింది.

"ఎవరిది?"

"నావాళ్ళది."

గదిలో ఆకుల చప్పుడు. తడబడకుండా, ఏమీ ఎరగనట్టు.

"మన డాక్టరమ్మకు చెప్పకుండా ఉండలేను బాబాయ్."

"చెప్పు."

"చెబితే ఇక పెట్టెను ఈ గదిలోకి రానివ్వరు."

"తెలుసు."

"ఇంకో తొమ్మిది రోజులండీ. తొమ్మిదే." ఆ మాటలో ఉన్నది కోపమో, ఏడుపో. బాబాయ్ అన్న నోరు 'అండీ' అంది. అతనికి అది తగలాల్సిన చోటే తగిలింది. "మీరు చెప్పకపోతే నాకెలా తెలిసేది?"

పెట్టెను బల్ల మీద పెట్టాడు. తీగ తగిలించలేదు. తగిలించమని ఆమె కూడా అనలేదు. మూరెడు తీగ బల్ల అంచు నుంచి వేలాడింది.

ఆమె ముఖం తుడుచుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. తరువాతివాళ్ళను రమ్మంది. కాగితం తీసుకుంది. కలం తీసుకుంది. పక్కనుంచి వెళుతున్న అతనితో, అటు తిరిగే అంది — "కాగితం మనిషి చేతికి తప్ప ఇవ్వను. ఆ మనిషినే రమ్మనండి. ఈ రోజే."

రెండు వీధులు.

పదకొండేళ్ళలో ఎన్నిసార్లు తప్పుకుని నడిచాడో ఆ రెండు వీధులు. ఈ రోజు కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి.

అద్దాల దుకాణంలో మరదలు కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. ఏం అనాలో తోచక, ఉన్న మాటే అంది.

"లోపలున్నారు బావగారూ. పది రోజుల నుంచి ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడుతున్నారు. ఫోన్లమ్ముకునే మనిషికి ఇదేం రోగమో..."

ఆ చివరి మాటకు అతను కళ్ళు దించుకున్నాడు.

వెనక గది. అట్టపెట్టెల మధ్య తమ్ముడు. చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద తగిలించినట్టుంది.

"ల్యాబులో నీ కాగితం ఉంది," అన్నాడు అన్న.

తమ్ముడు తలెత్తాడు.

"నువ్వా... నా గడపకు?"

"నేనే."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చూడకూడనిది చూశాను."

"ఏముంది అందులో?"

అన్న నోరు తెరిచాడు. మూడు చుక్కలు నాలుక మీదికి వచ్చాయి. మింగేశాడు.

"అర్థం చేసుకునేంత చదువు నాకేదిరా."

తమ్ముడు నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగింది. "రక్తమైతే ఇచ్చొచ్చాను. వాళ్ళు ఫోన్ చేశారు. అంత తొందరగా ఫోన్ చేశారంటే..." మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. "భయమేసిందన్నా."

అన్నా... అన్నాడు.

"లే," అన్నాడు అతను. "నేనూ వస్తాను."

తమ్ముడు లేవలేదు. రాననీ అనలేదు. ముందు గదిలో ఎక్కడో ఒక ఫోన్ మోగి, మోగి, ఊరుకుంది.

అన్న ఒక అట్టపెట్టె దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. కళ్ళు మూసుకున్నాడు.

పక్కన ఊపిరి.

లోపలికి వెళుతోంది. కొంచెం ఆగుతోంది. బయటికి వస్తోంది... గాలి దేని మీదో నడుస్తున్నట్టు.

ఎంతసేపు విన్నా, దేని మీదో అతనికి తెలియలేదు.