తూకానికి రాని సారీ

ఇంగ్లండులో, యార్క్‌షైర్ కొండల్లోని ఆ ఊళ్లో పోస్టాఫీసు తొమ్మిదింటికి తెరుస్తారు. మిసెస్ రడ్డాక్ తాళం తీసి, టీకి నీళ్లు పెట్టి, ఇత్తడి త్రాసు తుడుస్తుంది. ఆ త్రాసు కాగితాన్ని తూచదు, రాసిన మాటల్ని తూస్తుంది. బరువు లేని ఉత్తరానికి స్టాంపు అంటుకోదు. ఊరివాళ్లకి అది కొత్తా కాదు, వింతా కాదు.

మంగళవారం పొద్దున్నే సిరిల్ పొలార్డ్ కవరు పట్టుకొచ్చాడు. ముప్పై ఏళ్లు పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆరేళ్ల కిందట వాళ్లక్క మాడ్ తను వేసిన గొర్రెల బొమ్మలు చర్చి హాల్లో పెడితే, ఊరి పత్రికలో ఈయనే సమీక్ష రాశాడు. పసిపిల్ల కళ్లతో చూసి వేసినవి అనడానికి 'చైల్డ్‌లైక్' అనాలి. ఈయన 'చైల్డిష్' అని రాశాడు. అంటే పిల్లచేష్టలని. మాట తోక మారింది, అక్క మాట్లాడ్డం మానేసింది. ఇప్పుడు శనివారం సామానంతా సర్దుకుని స్పెయిన్‌కి పోతోందట, మళ్లీ రాదట.

ఉత్తరంలో 'సారీ' అని ఉంది. ముల్లు కదల్లేదు.

"ఈ ఊళ్లో కాలు తొక్కినవాడూ సారీ అంటాడు, తొక్కించుకున్నవాడూ సారీ అంటాడు. అరిగిపోయిందయ్యా ఆ మాట," అంది మిసెస్ రడ్డాక్.

సిరిల్ కొట్టేసి 'రిగ్రెట్' అని రాశాడు. ముల్లు కాస్త వణికింది.

"ఇది రైలు రద్దయినప్పుడు మైకులో చెప్పేది. చింతిస్తున్నామంటారు, రద్దు చేసింది ఇంకెవరో అన్నట్టు."

'అపాలజైజ్' అని రాస్తే పళ్లెం అంగుళం దిగింది.

"బరువుంది గానీ, పక్కన వకీలు నిలబడి చెప్పించినట్టుంది. రాసేది అక్కకా, జడ్జికా?"

సిరిల్‌కి చెవులు ఎర్రబడ్డాయి. కొత్త కాగితం తీసుకున్నాడు. "అక్కా, చైల్డ్‌లైక్ అనబోయి తప్పు రాశాను. మర్నాడే తెలిసింది. ఇంగ్లీషు మాస్టర్నై ఉండి మాట తప్పు రాశానని ఒప్పుకోడానికి సిగ్గేసింది. నువ్వెళ్లిపోతే నాకు దిక్కెవరు? వెళ్లకు."

పళ్లెం ధన్‌మని బల్లకి తగిలింది. స్టాంపు ఠక్కున అంటుకుంది.

పోస్ట్‌మ్యాన్ లెన్ రెండు చేతులా ఎత్తబోయి వదిలేశాడు. "నా నడుం విరుగుతుంది మాస్టారూ. మీ ఉత్తరం మీరే మోసుకోండి."

తోటపని తోపుడుబండిలో వేసుకుని, ఆయాసపడుతూ, సిరిల్ అక్క ఇంటికి మెట్ట ఎక్కాడు. గుమ్మంలో దించాక ఇక ఎత్తలేకపోయాడు. మాడ్ మోకాళ్ల మీద కూర్చుని అక్కడే చదివింది.

"ఒక్క మాట దిద్దడానికి ఆరేళ్లా, పంతులూ?"

"ఎర్ర సిరా దొరకలేదక్కా."

ఆమె ఫక్కున నవ్వి, కళ్లు తుడుచుకుని, ఉత్తరానికి రెండో అంచు పట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని లోపలికి ఈడ్చారు. స్పెయిన్ మాట మాత్రం ఆమె ఎత్తలేదు.

శనివారం లారీ వచ్చింది. కుర్చీలు ఎక్కాయి, బీరువా ఎక్కింది, బొమ్మలు ఎక్కాయి. ఉత్తరాన్ని లారీవాళ్లు నలుగురు పట్టినా నేల మీంచి లేవలేదు.

"దీన్ని ఇక్కడే వదిలేద్దాం మేడమ్," అన్నాడు వాళ్ల మేస్త్రి.

మాడ్ ఉత్తరం వైపు చూసింది, గేటు దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది.

"దాన్ని వదిలి నేనెక్కడికి పోతాను? కుర్చీలు దించండి నాయనా. సారీ," అంది.

సిరిల్ హమ్మయ్య అనుకుని, అక్కడే గడ్డిలో కూలబడ్డాడు.