ముందు ఏం నేర్పాలి

మా బుజ్జికి ఐదేళ్లు. ఇంకా మాటలు రాలేదు. ఇంతవరకూ నన్ను అమ్మా అని పిలవలేదు. పక్కింటావిడ మాత్రం, "రోజంతా అమ్మా అమ్మా అని నా ప్రాణం తోడేస్తోందండీ" అని కూతురి మీద విసుక్కుంటుంది. ఆ విసుగేదో నాకు ఒక్కపూట ఇచ్చినా చాలు. వీధిలో ఎవరి పిల్లలు అమ్మా అన్నా, వంటింట్లోంచి "ఆఁ" అని పలుకుతాను. పలికాక సిగ్గేస్తుంది.

మొదట చూసిన థెరపీ సెంటర్ అద్దాలతో మెరిసిపోతోంది. "మూడు నెలల్లో మీ పాప చేత అమ్మా అనిపిస్తాం" అన్నాడు మేనేజరు. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

"ఇక్కడే చేర్పిద్దాం" అన్నారు మా ఆయన, బయటికొచ్చాక.

"ఇంకొకటి చూస్తే పోయేదేముంది?" అన్నాను. కూరగాయలవాడు నవ్వితే తూకం రెండుసార్లు చూసే రకాన్ని నేను.

రెండోది మందుల షాపు పైన ఒకే ఒక్క గది. బుజ్జి తిన్నగా వెళ్లి కిటికీ రెక్క తెరవడం, మూయడం మొదలుపెట్టింది. థెరపిస్టు ఆపలేదు. తనూ వెళ్లి పక్కన నేల మీద కూర్చుంది.

"మూడు నెలల్లో అమ్మా అంటుందా?" అని సూటిగా అడిగేశాను.

"చెప్పలేనండీ. అనొచ్చు, అనకపోవచ్చు."

"మరి మీ దగ్గరికి రావడం దేనికి?" అని ఎగిరాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "పాప ఏది చెప్పలేక బాగా ఏడుస్తోందో అది ముందు నేర్పుదాం. నోటితో రాకపోతే చేత్తో చెబుతుంది."

పోయిన వారం బుజ్జి తల గోడకేసి కొట్టుకుంటూ ఒకటే ఏడుపు. ఆకలేమోనని అన్నం పెట్టబోయాను, నిద్రేమోనని జోకొట్టాను. చివరికి డాక్టరు చూస్తే చెవి లోపల చీము. అంత నొప్పి పెట్టుకుని, పిల్ల నా ఒళ్లోనే ఉంది.

"నాకు అమ్మా అని పిలిపించుకోవాలని ఉందండీ" అన్నాను. "లేచినా అదే ధ్యాస, పడుకున్నా అదే."

నేను కళ్లు తుడుచుకున్నాను.

"ఎక్కడ నొప్పో చూపించడం నేర్పండి ముందు."

మా ఆయన నా వైపు తిరిగారు. "నీ కోసమేగా నేను ఆ అద్దాల సెంటరన్నది. మరి అమ్మా అనొద్దా?"

"ఎప్పటికైనా అననీండి. నొప్పి చూపించడానికి నా దగ్గరికేగా వస్తుంది."