ఆర్తేసా దిగేది లేదు

"మెక్సికోలో మేమూ ఉన్నాం" అని ఊరంతా తోరణాలు కట్టి, నల్లజాతివాళ్లైన ఆ ఊరివాళ్ల పండగ నాడే ఊరి ఆర్తేసాను లారీకెక్కించుకుపోతామంటే ఫ్రోసీనాకు ఒళ్లు మండదా మరి? ఒకే మానును తొలిచి, బోర్లించి, ఒక కొసన గుర్రం తల, రెండో కొసన తోక చెక్కిన, ఎక్కి చిందులేసే బల్ల అది. చెక్కింది ఆమె తండ్రి. ఊళ్లో పెళ్లిళ్లన్నీ దాని మీద పాదాల దరువుతోనే జరిగాయి.

రాజధాని నుంచి వచ్చిన అధికారి దాని చుట్టూ తాడు కట్టించి, "ముట్టుకోరాదు" అని అట్ట వేలాడదీశాడు.

"మ్యూజియంలో అద్దాల గదిలో పెడతాం పెద్దమ్మా. మీ నాన్నగారి పేరు కూడా రాస్తాం," అన్నాడు తియ్యగా.

"అక్కడ దాన్ని తొక్కేదెవరు?"

"అయ్యో, తొక్కడమేంటండీ! అది వారసత్వ సంపద!"

"తొక్కకపోతే అది ఆర్తేసా కాదు నాయనా, బోర్లించిన పశువుల తొట్టి."

"మేయరుగారు సంతకం పెట్టేశారు."

"ఆయనా? దాని మీద నాలుగడుగులు వెయ్యడం వచ్చా ఆయనకి?"

ఫ్రోసీనా చెప్పులు విడిచి, తాడు కిందుగా దూరి బల్లెక్కేసింది. డెబ్బై రెండేళ్ల మోకాళ్లు కలుక్కుమన్నాయి. వాటి సంగతి రేపు చూసుకోవచ్చు.

"ఒరే ఒడిలోన్, గుడ్లప్పగించి చూస్తావేంట్రా? వాయించు!" అని తమ్ముణ్ణి కసిరింది.

ఒడిలోన్ తన చెక్కపెట్టె మీద దరువేశాడు. ఆమె మడమ దిగింది. మాను ధన్‌మని మోగింది.

"పగులుతుందమ్మా! దిగండి!" అధికారి గుండెలు బాదుకున్నాడు.

"పగిలితే మా నాన్న నన్ను తిట్టుకుంటాడు, నీకెందుకు?"

ఒక పాటయింది, ఇంకో పాటయింది. బల్ల ఒక్క క్షణం ఖాళీ అయినా ఎత్తుకుపోతారని అందరికీ అర్థమైంది. కోడలు మార్గారా చెప్పులు చేతబట్టుకుని వరసలో నిలబడింది. ఆమె వెనక చేపలమ్మే ఆడవాళ్లంతా చేరారు.

పొద్దు వాలింది.

"ఇంకా ఎంతసేపమ్మా?"

"నేను దిగితే మా కోడలుంది. అది దిగితే దాని కూతురుంది. నువ్వు కుర్చీ తెప్పించుకో."

అధికారి మొహం కందగడ్డయింది. లారీ డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. "నువ్వేంటి చోద్యం చూస్తున్నావ్? ఆ ముసలావిణ్ణి దించు!"

డ్రైవరు టోపీ తీశాడు. కింద ఉంగరాల జుట్టు, అచ్చం ఫ్రోసీనా తండ్రి జుట్టే; అతనూ ఆ జాతివాడే. తాళంచెవి అధికారి చేతిలో పెట్టి, వంగి బూట్లు విప్పుకున్నాడు.

"పిన్నీ, వరస చివరెక్కడ?" అని మార్గారాను అడిగాడు.